ఇంకొక సూది యెందుకు?

బిడ్డకు టీకా వేయించుటయందు మనలో నెవరికిని సందేహము లేదు. పుట్టినప్పటి బి.సి.జి. మొదలుకొని బడికి పోవు వయసున వేయు సూదివరకు, ఏది యెన్నడు వేయింపవలయునో తల్లులు వ్రేళ్లమీద లెక్కించి చెప్పగలరు. ఆ చీటిని బీరువాలో పట్టుచీరల మడతలనడుమ భద్రపరచు నిల్లాండ్రను మేమెరుగుదుము. కాని యింటిలోని పెద్దలకు టీకా యన్నచో మనకే వింతగా దోచును. ఆ పెద్దలు దీర్ఘవ్యాధితో నుండి, డయాలిసిస్ చేయించుకొనువారైనచో చెప్పనక్కరలేదు. "ఉన్న బాధలు చాలవా? ఇంకొక సూది యెందుకు?" అను మాట రోగినోటను, మననోటను ఒక్కసారియే వెడలును. ఈ ప్రశ్న తేలికగా త్రోసివేయదగినది కాదు. దీనికి మేము చూచినంతవరకు, తెలిసికొన్నంతవరకు సమాధానము వ్రాయుచున్నాము.

మా అత్తగారి మూత్రపిండములు రెండును 2018వ సంవత్సరమున పనిచేయుట మానినవి. నాటనుండి వారమునకు మూడు దినములు, దినమునకు నాలుగేసి గంటలు, వారికి విశాఖపట్టణమున నొక ఆసుపత్రిలో డయాలిసిస్ జరుగుచున్నది. మాయింటి కోడండ్ర మిద్దరము వంతులు వేసికొని వెంట పోవుచున్నాము. లోపల వారు మంచముమీద నుండగా, వెలుపలి బల్లలమీద మేమును, మావంటివారు మరి పదునైదుగురును గూర్చుండియుందుము. ఒకరి ఫలహారపు డబ్బా యొకరు పంచుకొనుచు, ఒకరి కష్ట మొకరితో చెప్పుకొనుచు నుండగా ఆ బల్లలమీద నేర్పడిన చుట్టరికము సొంత బంధువులలోను అరుదు. టీకాలను గూర్చి రోగులు నిజముగా నేమనుకొందురో మేము విన్నది అక్కడనే; వైద్యుని యెదుట వారు ఆ మాటలు చెప్పరు.

ఈ చికిత్స యెట్టిదో యెరుగని సోదరీమణులకై రెండు మాటలు. ముంజేతియం దొక ధమనిని ఒక సిరతో గలిపి కుట్టుదురు. దానిని ఫిస్ట్యులా యందురు. కొన్ని వారములకు ఆ సిర బలిసి, త్రాడువలె పైకి దేలును. ప్రతిమారును అందులో రెండు లావుపాటి సూదులు గ్రుచ్చి, ఒకదానిద్వారా రక్తమును యంత్రములోనికి దీసి, శుద్ధిచేసి, రెండవదానిద్వారా మరల దేహమున కెక్కింతురు. వారమునకు మూడుమార్లు చొప్పున ఏటికి 156 మార్లు. అనగా 312 సూదులు. ఇన్ని పోట్లకు ఓర్చుకొను చేతికి టీకాసూది యొక లెక్కయా యని మేమును మొదట ఆశ్చర్యపడితిమి.

బల్లలమీద మేము విన్న సందేహములు పలురకములు. "ఈ చిక్కిన వొంటికి అదొకటి తట్టుకునే శక్తి యెక్కడిది?" అను ముదుసలి యొకామె. "సూది పడితే ఫిస్ట్యులా మూసుకుపోతుందట. మళ్లీ కోత కోయించుకోవడం మావల్ల కాదు" అను నింకొకామె. మూత్రపిండపు మార్పిడికై పేరు వ్రాయించుకొన్న బడిపంతులుగారు, టీకా వేయించుకొన్నచో తమ పేరు వెనుకకు బోవునేమో యని వెరచుచుండిరి. "ఇంక ఎన్నాళ్లుంటామని ఈ జాగ్రత్తలు?" అని నవ్వి యూరకుండువారు కొందరు. ఉద్దానపు జీడితోటలలో కూలిచేసి, ఇప్పుడు పట్టణమున కూతురింట నుండి చికిత్స పొందుచున్న యొకామె యన్నమాట మమ్ము మిక్కిలి కలచినది. శ్రీకాకుళము జిల్లాలోని ఆ ప్రాంతమున మూత్రపిండముల జబ్బు మిక్కుటముగా నుండుటయు, దాని మూలకారణ మిదియని తేలకుండుటయు మన పత్రికలు చదువువారికి దెలిసినదే. "మా వూళ్లో రక్తాలు తీసుకుపోయారు, నీళ్లు తీసుకుపోయారు. ఎందుకొచ్చిందో ఒక్కరూ చెప్పలేదు తల్లీ. ఇప్పుడీ సూది మంచిదంటే నేనెలా నమ్మాలి?" అని ఆమె యడిగెను. ఆ ప్రశ్నను మూఢవిశ్వాసమనుటకు మాకు నోరు రాలేదు.

మా అత్తగారును వలదనిన వారే. వారి యెడమభుజముమీద మశూచికపు టీకా మచ్చ రూపాయి బిళ్లంత యున్నది. వారి చిన్ననాట టీకాలవాడు ఊరిలోనికి వచ్చెనని వినగానే వారి తల్లిగారు చిన్న కుమారుని గాదె వెనుక దాచిరట. అమ్మవారికి కోపము వచ్చునని భయము. ఆడపిల్ల వాకిట నుండుటచే దొరకిపోయినది. ఆమెకు టీకా పడినది. మరుసటియేడు ఆ కుఱ్ఱవానికి అమ్మవారు పోసి ఒక కన్ను పోయినది. ఆ మశూచికము మనదేశమున 1975లో కడపటిసారి కానవచ్చి, 1980 నాటికి ప్రపంచమున లేదని ప్రకటింపబడినది. ఇదంతయు తామే మాకు చెప్పిన అత్తగారు, తమవంతు వచ్చునప్పటికి "అది పిల్లల మాట, నాకెందుకమ్మాయ్?" అనిరి.

ఏల యిట్లనుచున్నారని మేము పలుదినములు ఆలోచించితిమి. తుదకు మాకు దోచిన దిది. ఆ 312 సూదులును కాదనుటకు వీలులేనివి. కాదన్నచో ప్రాణము నిలువదు. ఏమి తినవలయునో, ఎన్ని గ్రుక్కల నీరు త్రాగవలయునో, ఏగంటకు మంచమెక్కవలయునో, అంతయు ఇతరులు నిర్ణయించునదే. ఎండకాలమున దాహమైనను చెంబెత్తి త్రాగు స్వతంత్రము వారికి లేదు. వలదని చెప్పగల సూది యిది యొక్కటియే. కావున వలదందురు. ఆ వలదనుటలో తెలియమి కొంత, భయము కొంత యున్నను, తమ దేహముమీద తమకింకను మాట చెల్లునను తృప్తి మరికొంత యున్నది. దానిని గుర్తింపక, "మీ మంచికే గదా!" యని కసరుకొన్నచో వారి పట్టుదల హెచ్చును గాని తగ్గదు.

అయిన నా సూది యేల కావలయునో తెలిసికొందము. హెపటైటిస్-బి యను కాలేయపు జబ్బు రక్తముద్వారా వ్యాపించునది. దాని వైరసు ఎండిపోయిన రక్తపు మరకయం దేడుదినములవరకు చావక నిలువగలదు. ఒకే గదిలో పదిమంది రక్తము యంత్రములగుండ బోవు చోట నిదెంత ప్రమాదమో ఊహింపుడు. 1969, 1970 సంవత్సరములలో స్కాట్లాండునందలి ఎడింబరోలో డయాలిసిస్ విభాగమున ఈ జబ్బు ప్రబలి, రోగులేగాక వారికి సేవచేసిన ఆసుపత్రి సిబ్బందియు మరణించిరి. ఈ వైరసుయొక్క పైపొర రక్తమునం దుండుటను 1965లో ప్రకటించిన బ్లంబర్గు పండితునకు 1976లో నోబెలు బహుమానము లభించినది. మొదటి టీకా అమెరికాలో 1981లో వచ్చినది. ఆపిమ్మట ఈస్టు అను సూక్ష్మజీవిచేత ఆ పైపొరను మాత్రము తయారుచేయించి టీకా చేయు విధము 1986లో వచ్చినది. ఆ విధమున మనదేశమున మొట్టమొదట టీకాను చేసి, 1997లో అమ్మకమునకు దెచ్చినది మన హైదరాబాదులోని శాంతా బయోటెక్నిక్స్ సంస్థయే. విదేశములనుండి వచ్చునప్పుడు సామాన్యుల కందని ధర, దానితో దిగివచ్చినది.

ఇచట నొక చిక్కున్నది. మూత్రపిండములు చెడినవారి రక్తమున మలినములు నిలుచుటచే దేహపు రక్షణశక్తియు మందగించును. ఆరోగ్యవంతులగు పెద్దలలో నూటికి 90 మందికి పైగా ఈ టీకా పట్టగా, డయాలిసిస్ వారిలో నూటికి 60 మంది యటు నిటుగా మాత్రమే పట్టును. అందువలన వారికి మోతాదు రెట్టింపు. మొదటి దినమున, ఒక నెలకు, రెండు నెలలకు, ఆరు నెలలకు, నాలుగు మార్లు వేయుట వాడుక. కడపటి సూదియైన ఒకటి రెండు నెలలకు రక్తమును పరీక్షించి, రక్షకపదార్థము మిల్లీలీటరునకు 10 మిల్లీయూనిట్లకు తక్కువ కాకున్నచో టీకా పట్టినదందురు. తగ్గినచో మరల మొదటినుండి వేయుదురు. పట్టినవారికిని ఏటేట పరీక్షించి, తరిగినచో ఇంకొక సూది వేయుదురు. మా అత్తగారికి మొదటి విడత పట్టలేదు. "చూచితిరా? నేను చెప్పలేదా?" యని వారు గెలిచినట్లు నవ్విరి. ఆనాడు వారితో వాదింపక మేమూరకుంటిమి. నెల గడచిన పిదప వారే "ఆ రెండో విడత మాటేమయింది?" అని యడిగిరి. రెండవ విడత పట్టినది.

టీకాలమీద నమ్మకము చెడుటకు రోగుల తెలియమి యొక్కటియే కారణమని తలంపకుడు. 2019లో మా బల్లలవారిలో ముప్పదియేండ్లు నిండని యిల్లాలొకతె ఈ టీకా రెండవ సూది వేయించుకొనెను. పదిదినములకు మామూలుగా జరుగు రక్తపరీక్షలో ఆమెకు హెపటైటిస్-బి యున్నట్లు తేలినది. వెంటనే ఆమెను వేరుగదిలోని వేరుయంత్రమునకు మార్చిరి. ఇంట ఆమె కంచమును, గ్లాసును వేరుచేసిరి. కన్నబిడ్డను దగ్గరకు రానీయలేదు. "టీకాయే జబ్బు తెచ్చినది" అను మాట ఒక్కదినములో బల్లలన్నియు చుట్టివచ్చినది. నెల గడచిన తరువాత మరల పరీక్షింపగా జబ్బు లేదు. వైరసునే నేరుగా వెదకు వేరొక పరీక్షలోను ఏమియు లేదు. జరిగిన దేమన, టీకాలో నుండునది వైరసు పైపొర. పరీక్ష వెదకునదియు ఆ పైపొరనే. టీకావేసిన కొన్నిదినములు, ఒక్కొక్కప్పుడు రెండుమూడు వారములు, ఆ పొర రక్తమున కనబడవచ్చును. పొర యున్నంతమాత్రమున జబ్బు రాదు. కావుననే టీకావేసిన నాలుగువారములలోపల ఆ పరీక్ష చేయరాదను నియమము గలదు. ఆ నియమ మచట పాటింపబడలేదు. పైగా నిజము తేలిన తరువాతనైనను ఎవరును బల్లలకడకు వచ్చి జరిగినది చెప్పలేదు. ఆ యిల్లాలు నెలదినములు పడిన వ్యథ యట్లుండ, మరి ముగ్గురు తమ సూదులను నడుమనే మానివేసిరి.

ఆపైని కోవిడు వచ్చినది. 2020 మార్చి 25వ తేదీనుండి దేశమంతయు తలుపులు వేసికొని యింట గూర్చుండగా, డయాలిసిస్ రోగులకు మాత్రము ఇల్లు రక్షణ కాలేదు. వారమునకు మూడుమార్లు వీధిలోనికి పోవలసినదే. పదిమంది పీల్చు గాలి పీల్చవలసినదే. ఐరోపా దేశముల లెక్కలలో మొదటివిడత కోవిడు సోకిన డయాలిసిస్ రోగులలో సుమారు అయిదుగురిలో నొకరు నెలలోపల మరణించిరి. మనదేశమున 2021 మార్చి 1వ తేదీనుండి అరువదేండ్లు దాటినవారికిని, నలుబదియైదేండ్లు నిండి కొన్ని జబ్బులతో నున్నవారికిని టీకా మొదలుపెట్టినప్పుడు, ఆ జబ్బుల పట్టికలో డయాలిసిస్ చేరియున్నది. అప్పటికే మా బల్లలమీద భయము గూడుకట్టుకొని యున్నది. రక్తము గడ్డకట్టుననియు, ఫిస్ట్యులా చెడుననియు చరవాణులలో వచ్చు కబురులకు అంతు లేదు. కొందరు వేయించుకొనిరి, కొందరు "చూతము లెండి" యనిరి. ఏప్రిలు, మే నెలలలో మూడు మంచములు ఖాళీయైనవి. అందులో ఒకరికి ఒక సూది పడియుండినది, ఇద్దరికి పడలేదు. దీనినిబట్టి మేము లెక్క తేల్చబోము. మూడు మంచములు ఖాళీయైన దినమున బల్లలమీద నెవరును ఫలహారపు డబ్బా విప్పలేదని మాత్రము చెప్పగలము.

ఈ జంకు మనదేశమునకే ప్రత్యేకమైనది కాదు. ఆ 2021వ సంవత్సరముననే అమెరికాలో డయాలిసిస్ రోగులను విచారింపగా, సుమారు అయిదుగురిలో నొకరు టీకాకు వెనుదీసిరి. వారు చెప్పిన కారణములలో ముఖ్యమైనది దుష్ఫలితముల భయమే. పురుషులకంటె స్త్రీలును, పెద్దవారికంటె చిన్నవయసువారును ఎక్కువ సంశయించిరట. బిడ్డల చీటీలు దాచు మనమే మనవంతు వచ్చునప్పటికి వెనుదీయుదుమన్నమాట.

మా బల్లలవారి మనసులు కొంత మార్చినది యే ప్రకటనయు కాదు, ఒక నర్సమ్మ. ఆమె శ్రీకాకుళపు పిల్ల. యంత్రము నడచు నాలుగుగంటలలో ఒక్కొక్క మంచముకడ గూర్చుండి, "వేయించుకోండి" అని చెప్పక, "మీకు దేనికి భయం?" అని యడుగుచుండెను. విన్నతరువాత చెప్పవలసినది దాపరికము లేక చెప్పెడిది. చేయి ఒకటి రెండు దినములు నొప్పిపుట్టునని, జ్వరము తగులవచ్చునని, అందరికిని పట్టదని, పట్టినదో లేదో పరీక్షించి చూపెదనని చెప్పెడిది. ఫిస్ట్యులాగల చేతికి కాక రెండవచేతి భుజపుకండకు వేయుదుమని చేతులు పట్టుకొని చూపెడిది. మార్పిడి మాటకు వచ్చినచో, మార్పిడియైన తరువాత రక్షణశక్తిని అణచు మందులు వాడవలసియుండును గావున టీకాలు అంతకుముందే వేయించుకొనుట మేలని పంతులుగారికి నచ్చజెప్పినది ఆమెయే. ఉద్దానపామె మొదటిమారు వినలేదు, రెండవమారును వినలేదు. నర్సమ్మ కోపగింపలేదు. మూడవమారు ఆమెయే పిలిచి, "నీకు తెలియనిది తెలియదన్నావు కాబట్టి, తెలిసిందని చెప్పింది నమ్ముతాను" అని చేయి చాచెను.

సోదరీమణులారా! మనయింట మూత్రపిండముల జబ్బుతో నున్నవా రెవరైన నున్నచో మనము చేయదగిన పనులు కొన్ని గలవు. హెపటైటిస్-బి టీకాను డయాలిసిస్ మొదలుకాక ముందే, జబ్బు కనిపెట్టిన దినములలోనే వేయించుట మేలు. అప్పుడది బాగుగ పట్టును. ఏటేట వేయు ఫ్లూ సూదినిగూర్చి, న్యుమోనియా టీకానుగూర్చి, కోవిడు టీకానుగూర్చి వారి వైద్యుని మనమే అడుగవలయును. వారు పనుల తొందరలో మరువవచ్చును. డయాలిసిస్ వేళ రక్తము గడ్డకట్టకుండ మందిత్తురు గనుక, ఆనాడే టీకా వేసినచో ఆ చోటును కొంచెముసేపు గట్టిగా నొక్కి పట్టుకొనవలయును. ఆటలమ్మ టీకావంటి సజీవక్రిమిగల టీకాలు మార్పిడి పిదప పనికిరావు గావున, వానినిగూర్చి ముందే విచారింపవలయును. హెపటైటిస్-బి సూది పడిన తేదీని వ్రాసియుంచి, నాలుగువారములలోపల రక్తపరీక్ష చేయబోయినచో ఆ తేదీని చూపవలయును. పిల్లల చీటి దాచినచోటనే పెద్దల చీటియు నుండవలయును.

ఇంకొక ముఖ్యవిషయము. వారికి టీకా అరకొరగా పట్టును. మనకు బాగుగ పట్టును. రోగిని కనిపెట్టియుండు కోడలు, బడినుండి వచ్చి మామ్మ మంచమెక్కు మనుమడు, ఆటోలో ఆసుపత్రికి దింపు కుమారుడు, వీరందరును వేయించుకొన్నచో జబ్బు ఆ మంచము దాకా పోవు దారులు తగ్గును. మాయింట ఫ్లూ సూదిని ఏటేట అందరమును వేయించుకొనుచున్నాము. మొదటియేట మేము చేతులు చాచుట చూచి అత్తగారు, "మీకేం జబ్బని?" అని యడిగిరి. "మాకు జబ్బు లేదు, అత్తయ్యగారూ, మీకు రాకుండటానికి" అంటిమి. వారు మారుమాటాడక తమ చేయియు చాచిరి.

కావున "ఇంకొక సూది యెందుకు?" అని మీ పెద్దలు అడిగినప్పుడు విసుగుకొనకుడు. ఆ యడుగు హక్కు వారికున్నది. పనులు ప్రక్కకు బెట్టి వారికడ గూర్చుండి, దేనికి భయమో వినుడు. తెలిసినది చెప్పుడు, తెలియనిది వైద్యుని అడిగి వచ్చి చెప్పుడు. తుదిమాట వారిదిగానే యుండనిండు. ఒకమారు వలదన్నచో, మరల అడుగుటకు సోమవారము తరువాత బుధవారమును, బుధవారము తరువాత శుక్రవారమును ఉండనేయున్నవి.